మన బడి గోడ మీది ఇరవై అంకెలు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు అడిగినప్పుడు, అందరికీ గుర్తుకొచ్చేవే నాకూ ముందు గుర్తుకొచ్చాయి. ఇంటిగంట, చింతచెట్టు కింద అన్నం మూటలు, చలికాలంలో ప్రళయకావేరి నీళ్లలో దిగే ఫ్లెమింగో పక్షులు, శ్రీహరికోట వైపు ఆకాశంలో రాకెట్ వదిలిన తెల్లటి చార. పులికాట్ ఒడ్డున చదివిన వాళ్లమందరం ఇవే రాస్తాం. అవి నాకన్నా బాగా రాసేవాళ్లు ఈ సంచికలో ఉంటారు కాబట్టి నేను వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. ఇది ఒక సంఖ్య చరిత్ర. అందులో నేను యాభై ఏళ్లుగా దాచుకున్న ఒక తప్పు కూడా ఉంది.

1970ల్లో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తొమ్మిదో తరగతి గది ముందు వరండా గోడ మీద, సున్నం మీద నల్ల రంగుతో, జానెడు ఎత్తు అంకెలతో ఒక సంఖ్య రాసి ఉండేది.

18446744073709551615

కింద ఏమీ రాసి ఉండేది కాదు. కొత్తగా చేరిన పిల్లలు అదేదో రిజిస్టర్ నంబరు అనుకునేవాళ్లు. తొమ్మిదో తరగతికి వచ్చాక లెక్కల సారు చెప్పేవారు, అది చదరంగం పలక మీది గింజల లెక్క అని.

కథ అందరికీ తెలిసిందే. చదరంగం కనిపెట్టిన పండితుడిని ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడి గడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్లూ నింపి ఇమ్మన్నాడు పండితుడు. ఇంతేనా అని రాజు నవ్వాడు. కొట్లు ఖాళీ అయ్యాక ఏడ్చాడు.

మా సారు కథతో ఆపలేదు. అరవై నాలుగు గళ్ల గింజలనూ కూడకుండానే మొత్తం చెప్పే ఉపాయం చూపించారు. ‘‘మొదటి గడిలో నా తరఫున ఒక్క గింజ అప్పుగా వేస్తాను. అప్పుడు అక్కడ రెండు అయ్యాయి. ఆ రెంటినీ రెండో గడిలోకి తోసెయ్యండి. అక్కడున్న రెంటితో కలిసి నాలుగు. ఆ నాలుగునూ మూడో గడిలోకి తోసెయ్యండి, ఎనిమిది. ఇలా తోసుకుంటూ పోతే చివరి గడి దాటేసరికి, పలక మీద లేని అరవై అయిదో గడిలో ఎంత ఉండాలో సరిగ్గా అంత ఉంటుంది. అంటే రెండును అరవై నాలుగు సార్లు వేసి గుణించినంత. ఇప్పుడు నా అప్పు గింజ నాకిచ్చెయ్యండి. మిగిలిందే మన సంఖ్య.’’

ఆ అప్పు గింజ తీసేయడం వల్లే ఈ సంఖ్య 6తో కాకుండా 5తో ముగుస్తుంది.

ఎంత పెద్దదో తెలియాలంటే మన లెక్కలో చదవాలి. ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్లు, ఆపైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, ఆపైన తొంభై అయిదు లక్షల యాభై ఒక వేయి ఆరు వందల పదిహేను. మాది మొలగొలుకులు పండిన నెల్లూరు సీమ. (మన ఊళ్లు తిరుపతి జిల్లాలోకి వచ్చింది 2022లోనే కదా.) అందుకే సారు బియ్యంతోనే లెక్క వేయించారు. వెయ్యి గింజలు ఇరవై గ్రాములు తూగుతాయనుకుంటే కిలోకు యాభై వేల గింజలు. ఆ లెక్కన పండితుడికి ఇవ్వాల్సింది సుమారు 36,893 కోట్ల టన్నులు. ఇప్పుడు మన దేశమంతా ఏడాదికి పండించే బియ్యం పద్నాలుగు పదిహేను కోట్ల టన్నులు. ఒక్క గింజ కూడా మనం తినకుండా సుమారు రెండున్నర వేల ఏళ్లు ఆ పండితుడి ఇంటికే తోలాలి.

తెలుగు అయ్యవారి పద్యం

లెక్కల సారు గోడ మీద రాయించిన ఈ సంఖ్యనే మా తెలుగు అయ్యవారు పద్యంలో చెప్పారు. ఒకరోజు ఆయన తరగతికి వచ్చి, పుస్తకం తెరవకుండా, పావులూరి మల్లనదిగా పండితులు చెప్పుకునే ఒక చంపకమాలను రాగం తీసి చదివారు. చంద్రుడు, బాణాలు, సముద్రాలు, ఏనుగులు వరసగా వచ్చాయి. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ‘‘బయట గోడ చూసి రండ్రా. మీ లెక్కల సారు రాయించిందీ, నేను చదివిందీ ఒకటే’’ అన్నారు.

తర్వాత విడమరిచి చెప్పారు. పూర్వం శాస్త్రకారులు అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడేవాళ్లు. లోకంలో ఏది ఎన్ని ఉన్నాయని అందరికీ తెలుసో, ఆ పేరే ఆ అంకె. చంద్రుడు ఒక్కడే కాబట్టి 1. యజ్ఞానికి అగ్నులు మూడు కాబట్టి అగ్ని అంటే 3. వేదాలన్నా సముద్రాలన్నా 4. మన్మథుడి బాణాలు 5. తర్కాలు 6. కులపర్వతాలు ఏడు కాబట్టి కొండ అంటే 7. దిక్కులను మోసే ఏనుగులు 8. ఒంటికి ఉన్న రంధ్రాలు 9. ఆకాశంలో ఏమీ లేదు కాబట్టి అది సున్న. దీన్ని భూతసంఖ్యా పద్ధతి అంటారు. చదివేటప్పుడు ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టాలి. పద్యంలో ముందు వచ్చిన పేరు గోడ మీద చివరి అంకె. గోడను కుడి నుంచి ఎడమకు చదివితే పద్యం వస్తుంది.

‘‘ఇంత తిప్పలెందుకు సార్, అంకెలే రాసుకోవచ్చు కదా’’ అని అడిగింది నేనే. లెక్కల్లో నాకు మార్కులు బాగా వచ్చేవి. ఆ గర్వం మాటలో వినిపించి ఉంటుంది. అయ్యవారు కోప్పడలేదు. ‘‘తాటాకు మీద అంకె తప్పు రాస్తే తప్పని చెప్పేదెవరురా? పక్క అంకెకు నోరుందా? పద్యంలో మాట మారితే గణం తప్పుతుంది, యతి చెడుతుంది, చెవికి తెలిసిపోతుంది’’ అన్నారు. ఒక్క కొండకే ఎన్నో పేర్లు, సముద్రానికి ఇంకెన్నో. వాటిలో ఏ పేరు గణానికి సరిపోతుందో దాన్ని కవి ఎంచుకుంటాడు. ఒకసారి కుదిరాక ఇక అది కదలదు. పద్యాన్ని వారంలోగా అందరూ అప్పజెప్పాలన్నారు. నేను అప్పజెప్పాను, మరునాటికి మరిచిపోయాను.

మల్లన ఎవరో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. లెక్కల శాస్త్రాన్ని తెలుగులో రాసిన తొలి కవి ఆయన. ఇంటిపేరును బట్టి, ఇప్పటి బాపట్ల జిల్లాలోని పావులూరు వాళ్ల పూర్వుల ఊరంటారు. 1022 నుంచి 1061 వరకు రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి కాలం వాడని కొందరు, ఆ పేరే గల మనవడు రాశాడని మరికొందరు వాదిస్తారు. మొదటివారి మాట నిజమైతే నన్నయ భారతం తెలుగు చేస్తున్న కాలంలోనే మల్లన లెక్కలను తెలుగు చేశాడన్నమాట. మన ఆదికవి గురించి ప్రతి పిల్లవాడికీ చెబుతాం. ఆదిగణితకారుడి గురించి ఎందరికి చెబుతాం?

మల్లన పుస్తకం పేరు సారసంగ్రహ గణితం. దానికి మూలం మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం. మహావీరుడు జైనుడు, కన్నడ సీమ వాడు, తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో సంస్కృతంలో రాశాడు. ఆ సంస్కృత గ్రంథాన్ని ఇంగ్లీషు అనువాదంతో సహా 1912లో మద్రాసులో ఎం. రంగాచార్య అచ్చువేయించారు. మనకు పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి తిరిగిరాగలిగినంత దూరం మద్రాసు. అక్కడ అచ్చయిన పుస్తకంలో మన బడి గోడ మీది సంఖ్యకు పెద్దన్నలాంటి సంఖ్యలు ఉన్నాయని బడిలో ఉండగా నాకు తెలియదు.

మహావీరుడికి పెద్ద సంఖ్యలంటే పెద్ద ఇష్టం. ఒకటి, పది, వంద అంటూ ఇరవై నాలుగు స్థానాలకు పేర్లు చెప్పాడు. చివరిది మహాక్షోభం. అంటే ఒకటి పక్కన ఇరవై మూడు సున్నలు. మన ఇరవై అంకెల సంఖ్య ఆ కొలబద్దలో హాయిగా ఇమిడిపోతుంది. గుణకారం నేర్పడానికి ఆయన ఇచ్చిన లెక్కలు కూడా చిత్రమైనవి. జవాబు కంఠాభరణంలా, ఎటునుంచి చదివినా ఒకేలా వస్తుంది. 139ని 109తో గుణిస్తే 15151. 12345679ని 9తో గుణిస్తే 111111111. 27994681ని 441తో గుణిస్తే 12345654321. 333333666667ను 33తో గుణిస్తే 11000011000011. పిల్లవాడు తప్పు చేశాడో లేదో చూడటానికి గురువు మళ్లీ గుణించక్కర్లేదు. దండలో పూస తప్పితే కంటికే కనిపిస్తుంది. మహావీరుడు దండతో చేసిన పనిని మల్లన ఛందస్సుతో చేశాడని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఇద్దరి పుస్తకాల్లోనూ లెక్కతో పాటు తప్పు పట్టే దారి కూడా ఉంది.

అదే సంఖ్యను, దాదాపు ఆ కాలంలోనే, మనకు వేల మైళ్ల దూరంలో మరొకాయన కూడా రాసిపెట్టాడు. ఆయన అల్ బిరూనీ. తర్వాత 1030 ప్రాంతంలో మన దేశం గురించి పెద్ద గ్రంథం రాసింది ఆయనే. అంతకు ముందే, 1000 ప్రాంతంలో, పాత జాతుల కాలగణన మీద రాసిన పుస్తకంలో చదరంగపు గళ్ల లెక్కను ఇరవై అంకెలతోనూ సరిగ్గా ఇచ్చాడు. అరవై నాలుగు సార్లు రెట్టింపు చేయకుండా వర్గాలు చేసుకుంటూ పోయే దారి చూపాడు. మీరూ చేసి చూడవచ్చు. 2ను 2తో గుణిస్తే 4. నాలుగును నాలుగుతో గుణిస్తే 16. పదహారు పదహార్లు 256. దాని వర్గం 65536. దాని వర్గం 4294967296. దాని వర్గం 18446744073709551616. ఆరే ఆరు గుణకారాలు. చివరికి ఒకటి తీసెయ్యండి. ఖ్వారిజం వాడు వేసినా, పావులూరి వాడు వేసినా వచ్చేది ఒక్కటే. ఊరు మారితే కొలతలు మారతాయి, భాష మారితే పేర్లు మారతాయి. ఈ ఇరవై అంకెలు మాత్రం మారవు.

లోపల ఏముంది

ఇక దాని లోపలి సంగతి. మా సారు పేరు పెట్టి ‘‘దీన్ని కారణాంకాలుగా విడగొట్టరా’’ అంటే భయంతో వణికిపోయాను. ఇరవై అంకెల సంఖ్యను ఎక్కడ పట్టుకుని విరవాలి? సారు నవ్వి, తొమ్మిదో తరగతి సూత్రమే చాలన్నారు. రెండు వర్గాల భేదం కావాలంటే ఆ సంఖ్యల మొత్తాన్ని వాటి భేదంతో గుణిస్తే సరి. మన సంఖ్య 4294967296 వర్గంలోంచి 1 తీసేసినది. ఒకటి కూడా వర్గమే. కాబట్టి అది 4294967297ను 4294967295తో గుణించినంత. ఆ రెండోది మళ్లీ 65536 వర్గంలోంచి 1 తీసేసినది. దాన్నీ అలాగే విరగ్గొట్టవచ్చు. ఇలా విరుచుకుంటూ వస్తే చివరికి మిగిలేవి 3, 5, 17, 257, 65537, 4294967297. ఈ ఆరింటినీ గుణిస్తే గోడ మీది సంఖ్య వస్తుంది.

వాటిలో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. ఫ్రాన్సులో న్యాయాధికారిగా పనిచేస్తూ తీరిక వేళల్లో లెక్కలు చేసుకున్న ఫెర్మా 1640లో ఈ వరసను చూసి, ఇలా ఎంత దూరం పోయినా అన్నీ ప్రధాన సంఖ్యలే వస్తాయని నమ్మాడు. తొంభై ఏళ్లకు పైగా ఎవరూ కాదనలేకపోయారు. 1732లో ఆయిలర్ ఆరోదాన్ని పట్టుకున్నాడు. 4294967297 అంటే 641ని 6700417తో గుణించినంత అని చూపించాడు. అంతటి ఫెర్మా నమ్మకం ఒక్క 641 దగ్గర కూలిపోయింది. మన సంఖ్యకు పూర్తి కారణాంకాలు అప్పటికి తేలాయి: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాదు.

అయిదుతో భాగించబడుతుందని చివరి అంకె చూస్తే తెలుస్తుంది. మూడుతో భాగించబడుతుందని అంకెలు కూడితే తెలుస్తుంది. మొత్తం 87. పదిహేడు సంగతి చూస్తే తెలియదు, కూర్చుని భాగించాలి. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి. నా తప్పు వీటి మధ్యే ఉంది.

గోడ మీద తప్పు

ఆ ఏడాది సంక్రాంతి సెలవుల్లో బడికి సున్నం వేశారు. సెలవుల తర్వాత వచ్చేసరికి గోడ తెల్లగా ఉంది. పెయింటర్ పాత అంకెలను కాగితం మీద రాసుకుని, సున్నం ఆరాక మళ్లీ రాసిపోయాడు. అంకెలు మునుపటికన్నా అందంగా ఉన్నాయి. ఎవరికీ ఏ తేడా కనిపించలేదు. సార్లందరూ రోజూ దాని ముందే నడిచారు.

మా తరగతిలో సరస్సు అవతలి కుప్పం నుంచి పడవలో వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. గాలి ఎదురైతే ఆమెకు మొదటి పీరియడ్ పోయేది. లెక్కల్లో మార్కులు అంతంత మాత్రం. తెలుగు పద్యం మాత్రం ఒకసారి వింటే చాలు. పడవలో పాడుకుంటూ వస్తానని అనేది. ఒక మధ్యాహ్నం ఆమె గోడ ముందు నిలబడి కుడి నుంచి ఎడమకు వేలు జరుపుకుంటూ పెదాలు కదుపుతోంది. నేను పక్కనే ఉన్నాను.

‘‘ఇది తప్పు’’ అంది.

‘‘ఏంది తప్పు?’’

‘‘కొండకీ కొండకీ మధ్యన కదా నిప్పు ఉండాల్సింది? ఈడ రెండు కొండలూ ఒక పక్కకొచ్చేసినాయి, నిప్పు బయటికి పోయింది.’’

నేను నవ్వాను. అక్కడే నిలబడి ఇరవై అంకెలూ కూడాను. 87 వచ్చింది. చివర 5 ఉంది. ‘‘మూడుతో పోతుంది, అయిదుతో పోతుంది, లెక్క సరిగ్గానే ఉంది. నీ పద్యమే తప్పు గుర్తుండి ఉంటుంది’’ అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. చివరి గంట కొట్టగానే పడవకు వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లాంతరు ముందు కూర్చుని గోడ మీద చూసి రాసుకొచ్చిన సంఖ్యను 17తో భాగించాను. శేషం 3 వచ్చింది. రెండోసారి భాగించాను. మళ్లీ 3. సరైన సంఖ్య అయితే శేషం ఉండకూడదు. గోడ మీద ఉన్నది తప్పు.

ఏం జరిగిందో ఇప్పుడు చెప్పడం సులువు. సరైన సంఖ్యలో మధ్యన 737 ఉంది. ఏడు కొండ, మూడు అగ్ని, ఏడు మళ్లీ కొండ. పెయింటర్ దాన్ని 377 చేశాడు. రెండు అంకెలు చోటు మార్చుకుంటే మొత్తం మారదు, కాబట్టి 87 అలాగే ఉంటుంది. చివరి అంకె కదల్లేదు, కాబట్టి అయిదు పరీక్షా పనికిరాలేదు. నేను గర్వంగా చేసిన రెండు పరీక్షలూ ఇలాంటి తప్పును పట్టలేవు. పదిహేడు పట్టింది. కానీ పదిహేడు కూడా తప్పు ఉందని చెప్పిందే తప్ప, ఎక్కడ ఉందో, దిద్దితే ఏం రాయాలో చెప్పలేదు. అది చెప్పగలిగింది పద్యం ఒక్కటే. ఆ పద్యం మా ఇద్దరిలో ఆమెకే వచ్చు.

మరునాడు పొద్దున్నే నేను లెక్కల సారు దగ్గరికి పరిగెత్తాను. భాగహారం చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎక్కడ తప్పో తెలిసిందా అని అడిగితే, మధ్యలో ఏడు, మూడు తారుమారు అయ్యాయని చెప్పాను. ఎలా కనిపెట్టావని అడిగారు. ‘‘పదిహేడుతో భాగించాను సార్’’ అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

సోమవారం ప్రార్థన సమావేశంలో నన్ను ముందుకు పిలిచి హెడ్మాస్టరు ఒక ఫౌంటెన్ పెన్ను ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడపిల్లల వరసలో ఆమె కూడా కొట్టింది. ఆరోజు నేను ఆ వైపు చూడలేదు. పదో తరగతి అయ్యాక ఆమెకు చదువు ఆగిపోయింది. నేను ఇంజనీరింగ్‌కు పోయాను.

యంత్రాల్లోకి వచ్చిన సంఖ్య

ఉద్యోగంలో చేరాక ఈ ఇరవై అంకెలు మళ్లీ ఎదురుపడ్డాయి. కంప్యూటర్ అన్నిటినీ ఒకట్లు, సున్నలతోనే రాస్తుంది. ఒక్కో అంకెకు ఒక్కో గడి. ఇప్పటి కంప్యూటర్లలో ఒక పూర్ణసంఖ్యకు ఎక్కువగా అరవై నాలుగు గళ్లు ఇస్తారు. రుణ సంఖ్యలు అక్కర్లేదనుకుంటే, ఆ గళ్లన్నింటిలోనూ ఒకట్లు నింపినప్పుడు వచ్చే అతి పెద్ద సంఖ్య మన గోడ మీదిదే. చదరంగం పలకకూ అరవై నాలుగు గళ్లే. కంప్యూటర్లో ఒక్కో గడి విలువ ముందు గడికి రెట్టింపు. పాత కథలోని రాజు ఇవ్వలేక చేతులెత్తేసిన పలక ఇప్పుడు మన జేబులోని ఫోన్లో ఉంది.

ఆ సంఖ్యకు ఒకటి కలిపితే అరవై నాలుగు గళ్లూ సున్న అయిపోతాయి. కలపాల్సిన అరవై అయిదో గడి లేదు. మా సారు అప్పుగా వేసిన గింజ ఇదే కదా అని మొదటిసారి తెలిసినప్పుడు ఒంటరిగా నవ్వుకున్నాను.

గళ్లు చాలకపోతే ఏమవుతుందో రాకెట్లు చూస్తూ పెరిగిన మనకు చెప్పక్కర్లేదు. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానా నుంచి లేచిన ఏరియన్-5 మొదటి రాకెట్ సుమారు నలభై సెకన్లకే ఆకాశంలో పేలిపోయింది. అరవై నాలుగు గళ్లలో ఉన్న ఒక కొలతను పదహారు గళ్లలోకి మార్చబోయారు. రుణ, ధన సంఖ్యలు రెండూ పట్టాల్సిన పదహారు గళ్లలో 32767కు మించి పట్టదు. కొలత అంతకన్నా పెద్దదైంది. అంతకు ముందు చిన్న రాకెట్‌లో సరిపోయిన లెక్కే అది. అందుకే ఎవరూ మళ్లీ సరిచూడలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు గోడ ముందు నేను కూడిన 87 గుర్తుకొచ్చింది. సరిచూశాననుకోవడం, సరిచూడటం ఒకటి కావు.

లెక్క పెద్దదైతే మనిషి ఆయుష్షు చాలదని కూడా ఈ సంఖ్య చెబుతుంది. 1883లో లూకా అనే ఫ్రెంచి గణితకారుడు ఒక ఆట చేశాడు. మూడు కడ్డీలు, వాటిలో ఒకదానికి తొడిగిన బిళ్లలు. కాశీలో అరవై నాలుగు బంగారు బిళ్లలతో పూజారులు ఇదే పని చేస్తున్నారని, అది పూర్తయిననాడు లోకం అంతమవుతుందని దానికో కథ అల్లారు. బిళ్లలు మార్చడానికి కావాల్సిన ఎత్తుల సంఖ్య ఇదే, 18446744073709551615. సెకనుకు ఒక ఎత్తు వేసినా సుమారు 58,450 కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం వయసు దాదాపు 1,380 కోట్ల ఏళ్లే. కాబట్టి ఎవరూ కంగారు పడక్కర్లేదు.

కానీ నాకు కంగారు పడాల్సిన వయసు వచ్చింది. లెక్కల సారూ, తెలుగు అయ్యవారూ ఇద్దరూ లేరు. ఆ వరండా పడగొట్టి కొత్త గదులు కట్టారు. గోడతో పాటు అంకెలూ పోయాయి. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాక, పాత మిత్రులను అడిగి అడిగి ఆమె ఫోన్ నంబరు సంపాదించాను. ఎవరో చెప్పుకుని, గోడ సంగతి ఎత్తాను. పెన్ను నాకు రావాల్సింది కాదని, ఆరోజు నీ పేరు చెప్పాల్సిందని అన్నాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వింది. ‘‘ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా అబ్బయ్యా? పెన్ను నీ దగ్గిరే ఉండనీ. నాకేం తక్కువ, పద్యం నా దగ్గిరే ఉండాది’’ అంది. అడగకుండానే ఫోన్లో పద్యం మొత్తం చదివింది. నేను కాగితం మీద కుడి నుంచి ఎడమకు అంకెలు రాసుకుంటూ పోయాను. ఇరవై అంకెలు. ఒక్కటీ తప్పు లేదు. తన మనవరాలికి కూడా నేర్పానని చెప్పింది. ఆ పిల్ల ఇప్పుడు మన బడిలోనే తొమ్మిదో తరగతి.

తన పేరు మాత్రం వెయ్యొద్దంది. అందుకే వెయ్యలేదు. కానీ ఆరోజు తప్పు పట్టింది నేను కాదని, నాకు చప్పట్లు కొట్టిన వాళ్లందరికీ తెలియాలి. అందుకే ఇది రాశాను.

సంఘం పెద్దలకు ఒక మనవి. స్వర్ణోత్సవానికి గుర్తుగా కొత్త వరండా గోడ మీద ఆ సంఖ్యను మళ్లీ రాయిద్దాం. రంగు ఖర్చు నాది. ఈసారి సంఖ్య కింద పద్యం కూడా రాయిద్దాం. అంకెలు తప్పితే పద్యం దిద్దుతుంది, పద్యం చెరిగితే అంకెలు దిద్దుతాయి. పెయింటర్ వెళ్లిపోయాక సరిచూసే పని తొమ్మిదో తరగతిలో ఉన్న ఆ పిల్లకు అప్పజెబుదాం.

ఈ సంచిక ప్రూఫులు దిద్దే మిత్రులకు ఇంకో మనవి. ఆ సంఖ్య ఈ వ్యాసంలో రెండుచోట్ల ఉంది. అచ్చుకు పంపేముందు రెండుచోట్లా ఒక్కసారి వేలు పెట్టి చూడండి. రెండు కొండల మధ్యన నిప్పు ఉండాలి.